నామగోత్రములు లేని ప్రేతము

ప్రేతశబ్దము వినగానే లోకమునకు భయము కలుగును. వ్యుత్పత్తిని విచారించినచో, ‘ప్ర’ అను ఉపసర్గతో గూడిన గమనార్థక ధాతువునుండి ఏర్పడిన ఈ పదమునకు ‘వెడలిపోయినవాడు’ అనియే అర్థము. వెడలినవాడు చేరవలసిన చోటు చేరక నడిమిత్రోవలో నిలిచినప్పుడే భయావహుడగుచున్నాడు. అట్లు నిలుచుటకు కారణము సర్వదా పాపమే కాదు.

గరుడపురాణమందలి బభ్రువాహనోపాఖ్యానమే ఇందుకు నిదర్శనము. బభ్రువాహన మహారాజు లేడిని తరుముచు ఘోరారణ్యమున ప్రవేశించి యొక ప్రేతమును చూచెను. అది పూర్వజన్మమున విదిశానగరవాసియైన సుదేవుడను వైశ్యుడు. దానధర్మములు చేసినవాడే. కాని సంతానము లేదు, బంధువులు లేరు, ఔర్ధ్వదైహికము చేయువారు లేరు. ఆ ప్రేతము రాజును భయపెట్టలేదు. ఒక మణినిచ్చి, దిక్కులేనివారికి రాజే బంధువు గనుక తనకు కర్మ చేయింపుమని వేడుకొనెను. పండితులు పురాణకాలక్షేపమున ఈ ఘట్టమునొద్ద కొంత నిలువవలసియున్నది. అచట భయపడవలసినది ప్రేతమును గూర్చి కాదు, ప్రేతము కొరకు.

అయినను శాస్త్రము మరపును పూర్తిగా నిషేధింపలేదు. సపిండీకరణమున ప్రేతపిండమును మూడు భాగములు చేసి, పితృ పితామహ ప్రపితామహుల పిండములందు కలుపుదురు. క్రొత్తవాడు పితృపంక్తిలో చేరగానే పైనున్న యొకరు పిండభాక్త్వమును విడిచి లేపభాక్కు అగుదురు. కర్త చేతికంటిన అన్నమును దర్భలకు తుడిచినప్పుడు లభించు లేశమే వారి భాగము. ఏడవ పురుషునితో సాపిండ్యము ముగియును. ఆపైన జలసంబంధము మాత్రము మిగులును. జన్మనామములు తెలియనప్పుడు అదియు నివర్తించునని మనువు చెప్పెను. క్రమముగా మరచుట వేరు, నిర్లక్ష్యముచే మరచుట వేరు. మొదటిది పితరులకు విశ్రాంతి, రెండవది ప్రేతత్వము.

మహాలయామావాస్యనాడు గోదావరి రేవులలో ఈ భేదము కన్నులకు కట్టును. “బాబూ, ముత్తాతగారి పేరు?” అని పురోహితుడడుగును. “తెలియదండీ” అని కర్త తల వంచుకొనును. ముత్తవ్వ పేరడిగినచో మౌనమే. నామములు తెలియనిచో పృథివియందు, అంతరిక్షమందు, ద్యులోకమందు ఉన్న పితరులని చెప్పి పిండములీయవచ్చునని కల్పసూత్రకారులు దారి చూపిరి. గోత్రము తెలియనిచో కాశ్యపగోత్రమని చెప్పుదురు. కర్మ లోపింపదు. కాని కర్త ముఖమున కనబడిన లజ్జకు సూత్రమున ప్రాయశ్చిత్తము లేదు.

ఎవరును లేనివారిని సైతము పూర్వులు విడువలేదు. శ్రాద్ధమున వికిరాన్నము సంస్కారము లేక మరణించినవారిది. తర్పణాంతమున పిండు వస్త్రజలము కులమున అపుత్రులై గతించినవారిది. గయలో జనార్దనుని హస్తమున జీవించియున్నవాడే తనకు పిండముంచుకొను ఆచారము కలదు. తన్ను తలచువారు లేరని ముందే ఎరిగినవాని దుఃఖమెంతటిదో ఆ పిండమే చెప్పును. 2020, 2021 సంవత్సరములలో మహమ్మారివలన ఆత్మీయులు దరిచేరకయే దహనమైనవారు ఎందరో. వికిరాన్నము వేయు చేయి వారిని తలచుట ఉచితము.

శ్రాద్ధప్రయోగము నేర్చు విద్యార్థి మంత్రస్వరమునకు ముందు తన ఇంటి పెద్దలనడిగి మూడు తరముల పేర్లు, స్త్రీల పేర్లతో సహా, ఒక కాగితమున వ్రాసికొనవలెను. చెప్పగల పెద్దలుండగానే ఆ పని జరుగవలెను.