ఆరు కాళ్ళ పిల్ల, ఎనిమిది కాళ్ళ తల్లి

తొలకరికి తడిమట్టి మీద ఎర్రటి మఖమలు ముక్కలా పాకే ఆరుద్ర పురుగు మీకు తెలుసుగా? దాని నూనె పక్షవాతానికి మందని అమ్మేవాళ్ళ సంగతి ఇంకోసారి చూద్దాం. ఇప్పుడు చెప్పేది దాని దూరపు చుట్టం చిగ్గర్ గురించి. 2025 చివర్లో ఆంధ్రాలో స్క్రబ్ టైఫస్ కేసులు బయటపడ్డప్పుడు టీవీలవాళ్ళు హోరెత్తించారే, అదే.

నిజానికి దీని బతుకులో ఎక్కువ భాగం మనతో పనే లేదు. తల్లి మట్టిలో గుడ్లు పెడుతుంది. పెంకు చిట్లాక కూడా పిల్ల పల్చటి పొరలోనే కొన్నాళ్ళుంటుంది. తర్వాత వచ్చేదే లార్వా: ఆరు కాళ్ళు, మిల్లీమీటరులో అయిదో వంతు సైజు. గడ్డిపరక ఎక్కి ఎలక కోసం కాచుక్కూచుంటుంది. ఎలక బదులు మనం వెళితే మనమే!

ఇది రక్తం తాగుతుందనీ, చర్మంలోకి దూరిపోతుందనీ అంటారు. రెండూ తప్పే. లాలాజలంతో చర్మకణాలను కరిగించి, అక్కడ గట్టిపడే సన్నటి గొట్టంలోంచి, స్ట్రాతో కొబ్బరిబోండం తాగినట్టు ఆ ద్రవాన్ని రెండుమూడు రోజులు పీల్చి రాలిపోతుంది. ఇంకొకరి ఒంటిమీద దాని భోజనం ఆ ఒక్కసారే. తర్వాత మట్టిలో కదలని దశ, ఎనిమిది కాళ్ళతో తిరిగే దశ, మళ్ళీ కదలని దశ, ఆపైన పెద్ద పురుగు. ఎనిమిది కాళ్ళొచ్చాక చిన్నచిన్న పురుగులూ వాటి గుడ్లూ తిని బతుకుతుంది, మన జోలికి రాదు.

మరి జన్మలో ఒక్కసారే కుట్టేది రోగాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? తల్లి నుంచే. ఓరియెన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియా గుడ్డులోకే వచ్చేస్తుంది.

ఆ పేరు జపానుది. అక్కడి అకిత, యమగత ప్రాంతాల్లో నదుల ఒడ్డున రైతులు ఈ జ్వరంతో పోతుంటే పురుగుకి గుళ్ళు కట్టి మొక్కారు. మనం నవ్వడానికి లేదు. మా ఊళ్ళో అత్తయ్యొకావిడ గట్టున గడ్డి కోసొచ్చి, పదిరోజుల తర్వాత జ్వరంతో పడితే గాలి సోకిందని తాయెత్తు కట్టారు. చివరికి పట్నంలో ఒక కుర్ర డాక్టరు చెయ్యెత్తించి చంకలో చూశాడు. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు. నొప్పి, దురద లేవు గనక ఆవిడే చూసుకోలేదు. (అందరికీ ఆ మచ్చ కనబడదు, అది లేకపోతే రోగం లేనట్టు కాదు.) డాక్సీసైక్లిన్ ఇచ్చాడు, రెండోరోజుకి జ్వరం దిగింది.

అదే నెలలో పక్కవీధిలో ఒకాయన జ్వరంతో పోయాడు. ఆయనకి ఏ పరీక్షా చెయ్యలేదు. చేతబడి అన్నారు, ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ ఇంటిమీద రాళ్ళు పడ్డాయి. రాళ్ళేసిన కుర్రాళ్ళలో ఇద్దర్ని కూచోబెట్టి ఇదంతా చెప్పాను. "గట్టుకి అందరూ వెళతారు, అందరికీ ఎందుకు రాలేదన్నా?" అన్నాడొకడు. మంచి ప్రశ్నే. ఈ పురుగులు నేలంతా సమానంగా ఉండవు. తడి, పొద, ఎలక కలిసిన చోట గుంపుగా ఉంటాయి, నాలుగడుగుల అవతల ఒక్కటీ ఉండకపోవచ్చు. పైగా ప్రతి పిల్లా రోగం మొయ్యదు.

వాడు కాసేపాలోచించి, "ముసలమ్మ పెరట్లోనూ పొదలున్నాయి" అన్నాడు. ఆదివారం ముగ్గురం నిండుచేతుల చొక్కాలేసుకుని వెళ్ళి కొట్టొచ్చాం. ఆవిడ మజ్జిగ ఇచ్చింది. రెండోవాడు తాగలేదు.