పట్టిసీమ రేవున ఒక సాపరు

శివరాత్రి తీర్థము ముగిసిన మరునాటి పట్టిసీమను చూడవలెనని నాకు చిరకాలముగ కోరిక. ఏలయన పండుగనాడు అచట వీరభద్రస్వామికంటె మన ముందు నిలుచున్నవాని వీపే యెక్కువసేపు దర్శనమిచ్చును. దారిలో రాజమహేంద్రవరమున గడచిన దినములను గూర్చి వ్రాయదగినదేమియు లేదు. రాత్రులు దోమలపాలు, కాఫీ చక్కెరపాలు. ఉదయమున బస్సు దిగి రేవునకు నడచునప్పటికి అంగళ్ళవారు తాటాకుపందిళ్ళు విప్పుచు, మిగిలిన జీళ్ళను ఖర్జూరములను గోతాములకెత్తుచు, ఈయేటి బేరము బాగుండలేదని ప్రతియేటివలెనే విచారించుచుండిరి.

పడవలో నాకు తోడు ఒక్కడే. డెబ్బదియైదేండ్లు దాటియుండును, వెన్ను మాత్రము ఇంకను పరేడు మరువలేదు. ఊరు తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము. ప్రపంచయుద్ధములు రెండింటికిని కుప్పలుతెప్పలుగ మనుష్యులను పంపి ‘మిలటరీ మాధవరము’ అని ప్రసిద్ధికెక్కిన గ్రామము. ఆయన బెంగుళూరులోని మద్రాసు సాపర్లలో, అనగా వంతెనలు కట్టుటయు గోడలు కూల్చుటయు పనిగాగల సైనికదళములో, కమ్మరిపనికి చేరి, హవల్దారుగా పెన్షను పుచ్చుకొన్నవాడు. పడవవాడు అడ్డముగ కోసిన నూనెడబ్బాతో అడుగున ఊరిన నీటిని తోడి పోయుచుండగా, హవల్దారుగారు చూచుచు కూర్చుండలేక తానొక డొక్కు అందుకొని, పలకలసందులలో కూరిన పీచు జారిపోయినదని అతనిని మందలించుచు, సగము నదిని నదిలోనికే పంపివేసెను.

“ఇంత పాయకి మావాళ్ళు ఒక్కపూటలో వంతెన వేసేసేవారండి మేష్టారూ!” అనెను. నేనెన్నడును బడిలో పాఠము చెప్పినవాడను కాను. కళ్ళజోడు కలవారందఱును ఆయనకు మేష్టారులే.

గోదావరి నడుమ లేచిన ఆ చిన్నకొండను దేవకూటాద్రి యందురు. దక్షయజ్ఞమును ధ్వంసము చేసి, రక్తసిక్తమైన తన ఆయుధమును వీరభద్రుడు ఈ నీటిలోనే కడుగుకొనెనని స్థలపురాణము. ఆజ్ఞ పాటించి యజ్ఞశాలను చిందఱవందఱ చేసినవాడు పిదప ప్రశాంతముగ ఇసుకతిన్నెల నడుమ కాపురముండుటయు, ఆయన పక్కనే క్షేత్రపాలకుడుగ భావనారాయణస్వామి కొలువుండుటయు నాకు మిక్కిలి నచ్చినవి. మెట్లు కడిగినతడి ఆరలేదు. మారేడుదళములు కుప్పలుగ ఊడ్చి యొక మూలకు చేర్చిరి. ఎగువగట్టున పట్టిసీమ ఎత్తిపోతల పథకము కనబడును. 24 పంపులు, 8,500 క్యూసెక్కుల నీరు, కృష్ణవఱకు పోవు కాలువ. ఇవి గొప్పసంగతులే కాని, ఆ కట్టడమును చూచి కనులకు సుఖమనిపించినదని అనలేను. హవల్దారుగారికి మాత్రము ఆలయముకంటె పంపులమీదనే భక్తి యెక్కువ.

దర్శనమైన పిమ్మట ఇసుకమీద పైపంచె పఱచి ఆయన క్యారియరు విప్పెను. ఉపవాసపు మరునాటి భోజనమునకు సాటి లేదు. పై గిన్నెలో పనసపొట్టుకూర. లేతపనసకాయను కత్తితో ఓపికగ కొట్టి, ఉడికించి, చింతపండు పిండి, ఎండుమిరపకాయలు, జీడిపప్పు వేసి పోపుపెట్టి, దించిన తరువాత నూరిన ఆవ కలిపినది. ఆవ పాలు పిసరంత మించినచో కూర చేదెక్కును, తగ్గినచో వట్టిపొట్టు. ఈ యిల్లాలి చేయి ఎచట ఆగవలెనో అచటనే ఆగినది. మొదటిముద్దకు ముక్కుపుటములు అదరి కన్నులు చెమర్చగా, నేను సిగ్గువిడిచి రెండవమాఱు పెట్టించుకొంటిని. అడుగుగిన్నెలో మీగడ గట్టిన పెరుగన్నము, దానిపై మాగాయ టెంక ఒకటి. ఆ టెంకను నాకిచ్చి తాను బద్దతో సరిపెట్టుకొన్నందులకు ఆయన యెడల నాకేర్పడిన గౌరవము, తరువాత జరిగిన వాదమునందును చెక్కుచెదరలేదు.

వాదమునకు మూలము నా కుతూహలమే. ఎగువన పాపికొండలవైపు చూపుచు, కొరుటూరు పోవుటకు పడవ దొరకునా యని పడవవానినడిగితిని. “అక్కడెవరున్నారు బాబూ, ముంపని అందరినీ లేపేశారు కదా,” అని అతడు చుట్ట వెలిగించెను. పోలవరము ప్రాజెక్టు వెనుక ఖాళీయైన గ్రామములలో కొరుటూరొకటి. 1858వ సంవత్సరమున కంపెనీ ప్రభుత్వముపై పితూరీ లేవదీసిన కొండరెడ్ల నాయకుడు సుబ్బారెడ్డిది ఆ యూరే.

ఆ కథలో నన్ను పట్టి నిలిపినది యుద్ధము కాదు, వార్త. 1857 మే నెలలో మీరటునందు సిపాయిలు తిరుగబడినవార్త ఢిల్లీ, కాన్పూరు, లక్నోలను దాటి, ఏయే సంతలను ఏయే పడవలను పట్టివచ్చెనో గాని, తిరుగుబాటునాయకుడు నానాసాహేబు సేనలతో దిగివచ్చుచున్నాడనియు, తెల్లవారినెదిరించినవారికి మేలు కలుగుననియు రూపము మార్చుకొని ఈ అడవిపల్లెలను చేరినది. పట్టువడిన పిదప సుబ్బారెడ్డి తానీమాట వినియుంటినని చెప్పెను. దొరలు వ్రాసిన వృత్తాంతములయందు బుట్టాయగూడెపు ధనికురాలొకతెతో వివాహప్రసంగము, అందుండి పుట్టిన పగ, దోపిడి మొదలగునవియు కలవు. ఉండుగాక! సొంతకోపము లేనివాడెవడు తిరుగబడును? కాని వచ్చుచున్నదనుకొన్న సేన ఈ కొండలకు ఎన్నడును రాలేదు. వచ్చినది కంపెనీవారి బలగమే. 1858 అక్టోబరు 7వ తేదిన సుబ్బారెడ్డిని, అతనితోడి కొర్ల సీతారామయ్యను బుట్టాయగూడెమున ఉరితీసిరి. మఱికొందఱికి పోలవరమునందును తూటిగుంటయందును ఉరులు పడెను. అంతటితో తృప్తిపడక సుబ్బారెడ్డి కళేబరమును ఇనుపపంజరమున నుంచి రాజమహేంద్రవరపు కోటయందు వ్రేలాడదీసిరి.

హవల్దారుగారు చేయి కడుగుకొనుచు శ్రద్ధగా వినెను. “సిపాయన్నవాడు తిరగబడకూడదండి. మన మద్రాసోళ్ళు ఎప్పుడూ తిరగబడలేదు,” అనెను.

మొదటిమాట ఆయన నమ్మకము, దానితో నాకు పేచీలేదు. రెండవమాట చరిత్ర, దానిని విడువలేకపోతిని. 1780 అక్టోబరు 3వ తేదిన విశాఖపట్టణమున, హైదరాలీపై యుద్ధమునకు ఓడనెక్కి మద్రాసు పొండని ఆజ్ఞ కాగా, ఈ ఉత్తరసర్కారుల సిపాయిలే కాదని తుపాకులు త్రిప్పి అధికారులను చంపిరి. 1806 జూలై 10వ తేదిన రాయవేలూరు కోటలో, కొత్త తలపాగ పెట్టుమనియు నొసటిబొట్టు చెరుపుమనియు వచ్చిన ఉత్తరువులకు మండిపడి మద్రాసు సిపాయిలు తెల్లవారకముందే కోటను పట్టుకొనిరి. టిప్పు కుమారులు ఆ కోటలోనే బందీలుగ నుండిరి. ఆర్కాటునుండి గిల్లెస్పీదొర ఆశ్వికదళముతోను ఫిరంగులతోను గుఱ్ఱములు దౌడు తీయించుకొని వచ్చి తలుపులు పగులగొట్టగా, మధ్యాహ్నము కాకమునుపే వందలకొలది సిపాయిలు హతులైరి; ఆ పటాలముల పేర్లనే సైన్యపు పట్టికనుండి కొట్టివేసిరి.

“తలపాగా కోసమేనా?” అని ఆయన చాలసేపు ఆలోచించెను. “మా పెద్దలు లక్నోలో కొట్లాడారని బెంగుళూరు సెంటర్లో చెప్పేవారండి.” నిజమే, 1857–58లో మద్రాసు సాపర్లు లక్నోయందును ఝాన్సీయందును కంపెనీపక్షమునే పోరాడిరి. కొండలలో సుబ్బారెడ్డి యే సిపాయిల రాకకై యెదురుచూచెనో, ఆ సిపాయిల గోడలను కూల్చినవారిలో మన దక్షిణాదివారును ఉండిరనుట నాకు మింగుడుపడని సంగతి. హవల్దారుగారికి అట్లుగాదు, గోడ కూల్చుట సాపరుపని, ఎవరిగోడ యన్నది అధికారి చూచుకొనును.

అప్పుడు నేను ఎదుటిగట్టును చూపి మరియొక సంగతి చెప్పితిని. ఆ తూర్పుకొండలలోని రంప దేశమున 1879 మార్చిలో, కల్లుపై పన్ను, రంపనేలు మన్సబుదారు దుండగము, పోలీసుల జులుము తాళలేక కొండపల్లెల పెత్తందారులగు ముఠాదారులు లేచిరి. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి నాయకులు. ఆ పితూరీనణచుటకు పోలీసులు చాలక ఆఱు మద్రాసు పదాతిదళములను, హైదరాబాదు కంటింజెంటు పటాలమొకదానిని, కొంత ఆశ్వికమును, రెండు సాపరు కంపెనీలను తేవలసివచ్చెను. విల్లంబులు, చేజిక్కిన పోలీసు తుపాకులు పట్టిన మన్యపుమనుష్యులకై ఇంత సైన్యము! తుపాకిగుండుకంటె మన్యపుజ్వరమే ఆ సైన్యమును ఎక్కువగ పడవేసినది.

“రెండు కంపెనీలా? మావాళ్ళే?” అనెను. అది ఆయన యెన్నడును వినలేదు, సెంటరులో చెప్పియుండరు. 1858లో మిమ్ము పోలవరము పొమ్మన్నచో ఏమి చేసియుందురని అడిగితిని. అడుగరాని ప్రశ్నయే, కాని పనసపొట్టుకూర ఇచ్చిన చనువు.

“వెళ్ళేవాణ్ణండి. ఆర్డరు ఆర్డరే. దండులో చేరాక అడవీ ఊరూ అని ఎంచుకోడానికి ఉండదు.” అంతలో ఆయన దృష్టి మరియొకవైపు పోయినది. “మనిషిపట్టే పంజరం అన్నారే, దానికి నిలువు పట్టీలు ఎనిమిదైనా ఉండాలండి. నడుంకట్టు మూడుచోట్ల. రివిట్లు వేడిమీద కొట్టాలి. చల్లారాక కొడితే గాలికి ఊగి ఊగి వదులైపోతుంది.” ఇసుకమీద పుల్లతో గీచి, కొలతలు వేసి, వ్రేలాడదీయు కొక్కెము వద్ద నిలిచి, గీతను కాలితో తుడిచి మరల గీచెను.

“దొర సుత్తి పట్టడు కదండీ, ఎవడో మన కమ్మరే చేసుంటాడు,” అనెను. “ఇనుము ధవళేశ్వరం ఆనకట్ట వర్క్‌షాపుదే అయ్యుంటుంది. ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల అంత పట్టీ ఇంకెక్కడ దొరుకుతుంది? కూలి ఎంతిచ్చారో మీ పుస్తకాల్లో ఏమన్నా రాశారా మేష్టారూ?”