అత్తయ్య ట్రంకుపెట్టె

మా మేనత్తకి పిల్లల్లేరు. మావయ్య పోయి ఇరవై ఏళ్ళు దాటింది. నా పదో ఏట అమ్మ టైఫాయిడ్‌తో మంచం పడితే, ఆర్నెల్లు మా ఇంట్లో ఉండి నాకు జడలేసి బడికి పంపింది ఈ అత్తయ్యే. ఆవిడ వేసిన జడ సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక చెదిరేది కాదు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఫోన్ చేసింది. "అమ్మడూ, ఇంటివాళ్ళు ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడతార్ట. ఎక్కడైనా గవర్నమెంటు వృద్ధాశ్రమం ఉంటే చూసిపెట్టవే" అంది.

"మా ఇంటికి వచ్చెయ్ అత్తయ్యా" అన్నాను. అన్నానే గానీ, ఇల్లు నా కళ్ళ ముందే ఉందిగా. ఉన్నవి రెండు గదులు. పక్షవాతంతో మా అత్తగారు ఒక గదిలో, ఇంటర్ చదివే పిల్లాడు హాల్లో. ఆవిడకీ తెలుసు. "నీ కొంపలో నాకు చాప పరిచే చోటుందేంటే?" అని నవ్వేసింది.

వెతకడం మొదలుపెట్టాను. వృద్ధుల కోసం ప్రభుత్వం పెట్టిన 14567 నెంబరుకి ఫోన్ చేస్తే ఓపిగ్గానే మాట్లాడి దగ్గర్లో ఉన్న ఆశ్రమాల వివరాలు చెప్పారు. గవర్నమెంటు ఆశ్రమం అంటే గవర్నమెంటు బడిలా అంతా వాళ్ళే నడుపుతారనుకున్నాను. తీరా చూస్తే చాలాచోట్ల నడిపేది స్వచ్ఛంద సంస్థలు. కేంద్రం 1992 నుంచీ ఇలాంటి సంస్థలకి గ్రాంటు ఇస్తోంది. ఇప్పుడది అటల్ వయో అభ్యుదయ యోజన కిందకి వచ్చింది.

మావారి స్నేహితుడు లాయరు. ఆయన 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం గురించి చెప్పారు. జిల్లాకి కనీసం ఒక ఆశ్రమంతో మొదలుపెట్టి, ఒక్కోదాన్లో కనీసం 150 మంది దిక్కులేని పెద్దవాళ్ళకి చోటు ఉండేలా రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చెయ్య"వచ్చు" అని ఉందట. చెయ్యాలి అని కాదు, చెయ్యవచ్చు. ఈ తేడా మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? "రేపు కూరలు తేవచ్చులే" అన్న మనిషి చేతిలో సంచీ ఎప్పుడన్నా చూశామా!

ఊరికే లెక్కేశాను. అప్పట్లో మన ఉమ్మడి రాష్ట్రంలో 23 జిల్లాలు. జిల్లాకొకటి చొప్పున నిజంగా కట్టి ఉంటే 3,450 మందికి చోటు దొరికేది. అన్ని కోట్ల జనాభాలో అది ఏ మూలకి? చట్టం వచ్చిన పదకొండేళ్ళకి, 2018 డిసెంబరులో, ఏ జిల్లాలో ఎన్ని ఆశ్రమాలున్నాయో రాష్ట్రాల నుంచి లెక్క తెప్పించమని సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సొచ్చింది.

నన్ను పొడిచిన ముక్క మాత్రం వేరే ఉంది. పిల్లలుంటే వాళ్ళు పోషించాలి. పిల్లల్లేనివాళ్ళని, వాళ్ళ ఆస్తి అనుభవిస్తున్నవాళ్ళో, రేపు వారసత్వంగా పొందేవాళ్ళో చూసుకోవాలి. మా అత్తయ్య ఆస్తి ఒక ట్రంకుపెట్టె, రెండు ఇత్తడి గిన్నెలు. అంటే చట్టం లెక్కలో ఆవిడ నా మీద పడదు. నాకు జడలేసిన ఆర్నెల్లకి ఏ సెక్షనూ లేదు.

చివరికి మా ఊరికి గంట ప్రయాణంలో, గ్రాంటుతో నడిచే ఆశ్రమంలో ఒక మంచం ఖాళీ ఉందంటే ఇద్దరం వెళ్ళాం. శుభ్రంగానే ఉంది. వంటింట్లో పప్పు తాలింపు వాసన. అక్కడ చూసుకునే అమ్మాయి ఒక కాగితం నా ముందు పెట్టింది. తన పనులు తను చేసుకోగలిగినన్నాళ్ళే ఉండనిస్తారు. మంచాన పడితే బంధువులు వచ్చి తీసుకెళ్ళాలి. "ఏమనుకోకండమ్మా, ఉన్నది ఇద్దరం ఆయాలం. ఎత్తి కూర్చోబెట్టాలంటే మా వల్ల కాదు" అంది. ఆ పిల్ల మాటలో అబద్ధం లేదు. మా అత్తగారి ఒక్కరితోనే నా నడుం పడిపోతోంది.

కానీ ఆలోచించండి. నడవగలిగినన్నాళ్ళు ఎక్కడో ఒకచోట తలదాచుకోవచ్చు. మనిషి తోడు కావాల్సింది లేవలేనప్పుడే కదా!

అత్తయ్య నా వంక చూడలేదు. కిటికీలోంచి మందారచెట్టు చూస్తున్నట్టు నిలబడింది. బంధుత్వం అన్నచోట "మేనకోడలు" అని రాసి సంతకం పెట్టేశాను. మావారిని అడగలేదు. ఇంటికొచ్చాక చెబితే కాసేపు మాట్లాడకుండా కూర్చుని, "మంచి పని చేశావు" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఫ్యాన్ వంకే చూశారు.

ఇప్పుడు రెండు వారాలకోసారి వెళ్తున్నాను. ట్రంకుపెట్టె మంచం కింద పెట్టుకుంది. పక్కమంచం ఆవిడకి చేతులు వణుకుతాయి, రోజూ జడ వేసేది మా అత్తయ్యే.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దవాళ్ళుంటే ఆ నెంబరు రాసి పెట్టుకోండి. ఆశ్రమం చూడ్డానికి వెళ్తే గదులు, భోజనం చూసి వచ్చెయ్యకండి. లేవలేని రోజు వస్తే ఏం చేస్తారని ముందే అడగండి.

మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు హాల్లో బీరువా పక్కన చాప పరిచి చూశాను. సోఫా ఒక జానెడు జరిపితే సరిపోతోంది.