ఏం కొట్టటానికి?

పెద్ద కత్తి అన్న మాట చెవిన పడగానే నేటి తెలుగువాడికి సినిమా గుర్తుకు వస్తుంది. వేటకొడవళ్ళు, తెల్ల చొక్కాలు, గాలిలోకి లేచే వాహనాలు... ఇన్నేళ్ళుగా వెండితెర మీద చూసి చూసి ఆ ముద్ర మనలో గట్టిపడిపోయింది. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన నాకు మాత్రం పెద్ద కత్తి అనగానే పొలం గట్టు కనిపిస్తుంది. అరటి గెల దించటానికి ఒకటి, కొబ్బరి బొండాం చెక్కటానికి ఒకటి, చెరకు నరకటానికి ఒకటి, తాటిమట్టలు కొట్టటానికి ఒకటి, ముళ్ళకంపకు ఒకటి, కల్లు గీతకు మరొకటి. ఇవేవీ మడిచి జేబులో వేసుకునేవి కావు. అలుగు పిడిలో శాశ్వతంగా బిగిసి ఉండే కత్తులు.

కొన్నేళ్ళుగా ఇటువంటివి సేకరిస్తున్నాను. ఖడ్గాల జోలికీ, బాకుల జోలికీ పోను. వాటికి ఆదరణ ఎప్పుడూ ఉన్నది. విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో, అదే పూర్వపు విక్టోరియా జూబిలీ మ్యూజియంలో, ఆయుధాలు భద్రంగా ఉన్నాయి. పల్నాటి కారంపూడిలోనైతే వీరుల ఆయుధాలైన కొణతాలకు ఏటా కార్తీకంలో ఉత్సవమే జరుగుతుంది. యుద్ధానికి వెళ్ళిన కత్తికి గుడి దొరికింది. తోటకు వెళ్ళిన కత్తి అరిగాక పాత ఇనుము కొట్టుకు వెళుతుంది. నా సేకరణ ఆ రెండవ రకానిది.

తోట్లవల్లూరు వైపు మాకున్న కొద్దిపాటి లంక తోటకు ఇటీవల ఒక కత్తి అవసరమైంది. తోటలో పనికి రావాలి, పని లేనప్పుడు సేకరణలోనూ నిలవాలి. ఈ రెండు కోరికలకూ పొసగదని సాటి సేకర్తలు అంటారు. వాడితే గీతలు పడతాయట, విలువ తగ్గుతుందట. నా మతం వేరు. చెట్టు మీద పడని కత్తిని గురించి మనకు తెలిసేది దాని బరువూ పొడవూ మాత్రమే.

అమెరికాలో ఉన్న మిత్రుడొకరు ఈ సంగతి విని ఒక కత్తి తెచ్చి ఇచ్చాడు. మెరుపే మెరుపు. వీపున రంపపు పళ్ళు, బోలు పిడి, పిడి చివర మూత, మూతలో దిక్సూచి, లోపల గాలమూ సూదీ దారమూ. 1982లో వచ్చిన రాంబో మొదటి చిత్రం తరువాత ప్రపంచమంతటా వ్యాపించిన రూపమిది. పిడిలో అన్ని సామాన్లు పట్టాలంటే ఇనుము అక్కడ ఉండకూడదు కదా! అలుగు పిడి మొదట్లోనే ఆగిపోతుంది. తాటిమట్ట మీద నాలుగు దెబ్బలు పడేసరికి పిడి కదిలింది. మిత్రుడి ప్రేమకు ఏ లోటూ లేదు గనుక దానిని అలాగే ఉంచుకున్నాను, దిక్సూచి ఇప్పటికీ ఉత్తరమే చూపిస్తుంది.

పెద్ద కత్తి ఎంపికలో మొదట చూడవలసింది ఈ అతుకునే. అలుగు వెనక భాగం పిడిలోకి ఎంత దూరం దిగింది, ఎలా దిగింది? కొన్నిటిలో అలుగు పిడి ఆకారంలోనే చివరిదాకా వస్తుంది, రెండు పక్కలా కర్రబద్దలు పెట్టి మేకులతో బిగిస్తారు. మన కమ్మరుల పద్ధతి వేరు. అలుగు చివరను ముల్లులా సాగగొట్టి, ఎర్రగా కాల్చి, ముందే చిన్న బెజ్జం వేసిన కర్రలోకి దించుతారు. అది తన దారిని తానే కాల్చుకుంటూ పోతుంది. పైన ఇనుప పొన్ను వేస్తే కర్ర చీలదు. మొదటి పద్ధతి దృఢమైనది, సందేహం లేదు. రెండవదానిలో ఉన్న సుఖం, పిడి పాడైతే అరగంటలో కొత్తది వేసుకోవచ్చు. పైగా రోజంతా కొట్టేవాడి చేతికి ఇనుపవాటు కొట్టదు, కర్ర దెబ్బ అదురును కొంత తాగుతుంది.

తరువాత ఇనుము. బజారులో దొరికే తళతళలాడే కత్తులు చాలావరకు స్టెయిన్‌లెస్ ఉక్కువి. సుమారు 13 శాతం క్రోమియం ఉంటే తుప్పు దూరంగా ఉంటుంది. కూరలకూ పండ్లకూ బాగు. కాని చౌకరకం స్టెయిన్‌లెస్ వాదర గట్టి కర్ర తగిలితే మడతపడుతుంది. దెబ్బలు తినే పెద్ద కత్తికి గట్టిదనం ఒక్కటే చాలదు, వంగి మళ్ళీ నిలబడే గుణం కావాలి. ఆ గుణం స్ప్రింగు ఉక్కులో ఉంది. అదృష్టవశాత్తూ విజయవాడవారికి దాని కొరత లేదు. ఆటోనగర్‌లో పాత లారీల నుంచి విప్పిన కమాన్ పట్టీలు తూకానికి దొరుకుతాయి. లారీ పట్టీ మందం, చాలాసేపు సాగగొట్టాలి. జీపు పట్టీ పలుచన, కత్తికి వాటంగా ఉంటుంది. నేపాలులో ఖుక్రీలు చేసేవారూ ఈ పాత వాహనాల పట్టీలనే వాడతారు. మన వీధుల్లో రాత్రిళ్ళు ఈల ఊదుతూ తిరిగిన గూర్ఖాల నడుముకు వేలాడినది కూడా ఏ లారీ కిందనో బరువులు మోసిన ఉక్కే కాబోలు.

పాత పట్టీలో ఒక ప్రమాదం ఉంది. ఏళ్ళ తరబడి వంగి లేచిన ఉక్కులో కంటికి కనబడని నెర్రెలు ఉండవచ్చు. ఆ పట్టీకి కిరసనాయిలు రాసి కొంతసేపు ఉంచి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లితే నెర్రె ఉన్నచోట తడిగీత తేలుతుంది. నడిమి బోల్టు బెజ్జం దగ్గరి ముక్కను మొదటే వదిలెయ్యాలి.

సేకర్తలను ఊరించే మరొక మాట ‘డమాస్కస్’. నీటి అలల వంటి గీతలున్న కత్తులు ఆ పేరుతో వేలకు వేలు పలుకుతున్నాయి. వాటిలో అధికభాగం రెండు రకాల ఉక్కును మడతలు పెట్టి అతికి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినవి. నేర్పుతో చేసినవైతే అందంగానే ఉంటాయి, కాని పూర్వపు డమాస్కస్ కత్తుల ఉక్కు అది కాదు. ఆ పాత ఉక్కు మూసలలో కరిగించినది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం దానికి ప్రసిద్ధి, పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. ఇంగ్లీషు పుస్తకాలలో ‘వూట్జ్’ అని కనిపించే పేరు మన ‘ఉక్కు’ అనే మాట నుంచి వచ్చినదేనని పండితుల అభిప్రాయం. ఆ మాటను ఇన్ని వంకరలు తిప్పి మనకే తిరిగి అమ్ముతున్నారు!

నేను వెళ్ళిన కొలిమి ఉయ్యూరు దాటాక బందరు వైపు ఒక పల్లెలో ఉంది. ఆచారిగారికి డెబ్బై దాటాయి. కుమారులిద్దరూ ఆటోనగర్‌లో లేతు పనిలో స్థిరపడ్డారు. కొలిమి వారానికి రెండు రోజులే వెలుగుతుంది. పట్టీ ముక్క ఆయన ముందు పెట్టి పెద్ద కత్తి కావాలన్నాను.

“ఏం కొట్టటానికి బాబూ?” అన్నారు.

తోటలో అన్నిటికీ అన్నాను.

“అన్నిటికీ ఒకటే అంటే అన్నీ సగం సగమే తెగుతాయి. ఎక్కువసార్లు కొట్టేది ఏదో చెప్పండి, దాన్నిబట్టి చేస్తాను. మిగతావి అదే సర్దుకుంటుంది.”

తాటిచెట్టునే చూడండి. మట్ట నరికే కత్తికి బరువు ముందు భాగంలో ఉండాలి, వాదర వెనక ఉక్కు దిట్టంగా ఉండాలి, ఎందుకంటే మట్ట అంచున నల్లటి రంపపు పళ్ళు సన్నని వాదరను పీకేస్తాయి. అదే చెట్టు మీద కల్లు కోసం గెలను పొరలు పొరలుగా గీసే కత్తి పలుచగా, వెడల్పుగా, మంగలి కత్తి పదునుతో ఉండాలి. గీతగాడు చెక్క మీద మెత్తని రాతిపొడి చల్లి దానిని నూరటం చిన్నప్పుడు గంటలకొద్దీ చూశాను. ఒకదానితో మరొకదాని పని చేస్తే మొదటిది గెలను నలిపేస్తుంది, రెండవది మట్ట మీద ముక్కలవుతుంది. ఒకే చెట్టుకు రెండు కత్తులు కావలసి వచ్చినప్పుడు ‘అన్నిటికన్నా మంచి కత్తి ఏది’ అన్న ప్రశ్నకు అర్థమేముంది?

మేము మాట్లాడుకుంటుండగానే ఒక కుర్రవాడు వచ్చాడు. చేతిలోని ఫోనులో ఏదో సినిమా కత్తి బొమ్మ చూపించి అటువంటిదే కావాలన్నాడు. రెండు వైపులా వాదర, కొసన కొక్కెం. ఎంతైనా ఇస్తానన్నాడు. ఆచారిగారు ఫోను దూరంగా పట్టుకుని చూసి అదే ప్రశ్న వేశారు. “ఊరికే, గోడకి” అని నవ్వాడతను. “గోడకైతే రేకుతో కోయించుకో నాయనా, చవకలో అయిపోతుంది. ఉక్కుతో నేను చెయ్యను” అన్నారు.

అతను వెళ్ళిపోయాక కొంతసేపు మాట పెగల్లేదు. మా ఇంట్లోనూ కత్తులు గోడకే ఉన్నాయి. తేడా ఎక్కడుందని ఆలోచించాను. నా గోడ మీది ప్రతి కత్తికీ ఆ ప్రశ్నకు ఒక జవాబు ఉంది. అంతకుమించి గొప్ప తేడా ఉన్నదని వాదించలేను.

ఆయన ప్రశ్నకు చట్టంలోనూ ఒక జత ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం కేవలం గృహావసరాలకూ, వ్యవసాయానికీ రూపొందిన వస్తువులను ఆయుధాలుగా పరిగణించదు. దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు అలుగు 9 అంగుళాల కన్న పొడవో, 2 అంగుళాల కన్న వెడల్పో ఉన్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చి, ఇల్లు, సేద్యం, శాస్త్రం, పరిశ్రమల పనికోసం చేసినవాటిని మినహాయిస్తాయి. అంటే అంగుళాల లెక్కతో పాటు దేనికోసం పుట్టిందన్నదీ ముఖ్యమే. విదేశీ బాకును సేకరణ పేరుతో తెప్పించుకునేవారు ఈ సంగతి ముందే విచారించుకోవటం మంచిది. తోట కత్తినైనా సినిమాహాలుకు మోసుకుపోతే వ్యవసాయమని ఎవరూ నమ్మరు.

నా కత్తికి 12 అంగుళాల అలుగు, పిడి దగ్గర 6 మిల్లీమీటర్ల మందం, కొసకు వచ్చేసరికి అందులో సగం. సాగగొట్టటానికి ఒక పూట పట్టింది. అసలు విద్య ఆ తరువాతిది. ఉక్కును ఎర్రగా కాల్చి అయస్కాంతం అంటుకోని స్థితి దాటించి నూనెలో ముంచారు. నీటిలో ముంచితే ఈ రకం ఉక్కు పగిలే అవకాశం ఎక్కువ. అప్పుడది గాజులా పెళుసు. దానిని మళ్ళీ సన్నని సెగ మీద వీపు వైపు నుంచి కాచారు. శుభ్రం చేసిన ఉక్కు మీద రంగులు పాకటం మొదలైంది. మొదట ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమ, ఆపైన వంకాయ రంగు, చివరకు నీలం. వీపు నీలానికి వచ్చి, వాదర గోధుమ దగ్గర ఉండగా ఆపేశారు. వాదర గట్టిగా, వీపు మెత్తగా కుదిరింది. దీనిని ‘పదును’ అంటారు. విత్తనానికి తగిన నేల తడినీ మనం పదును అనే అంటాం. ఎక్కువైనా పనికిరాదు, తక్కువైనా పనికిరాదు.

పిడికి నల్లతుమ్మ. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చూశారు కదా, గోటితో నొక్కితే గాటు పడేటంత మెత్తన. నల్లతుమ్మ దానికి సరిగ్గా ఎదురు. నాగళ్ళకూ బండి చక్రాలకూ వాడిన కర్ర. పిడికి వార్నిషు వద్దని చెప్పాను. చెమట పట్టిన చేతిలో నున్నని పిడి జారుతుంది, జారిన పెద్ద కత్తి ఎటు పోతుందో చెప్పలేం.

పరీక్ష తోటలోనే జరిగింది. ఎండిన తాటిమట్ట మీద ఇరవై దెబ్బలు వేసి, వాదరను ఎండకు ఎదురుగా పట్టుకుని చూశాను. చెడని వాదర వెలుగును తిప్పికొట్టదు. ఎక్కడైనా చుక్కలా మెరిస్తే అక్కడ మడతపడిందని అర్థం. ఎక్కడా మెరవలేదు. సర్కారు తుమ్మ కంప సులువుగా తెగింది. అరటి మీద మాత్రం బరువు ఎక్కువనిపించింది. అది ఆయన ముందే చెప్పిన సగం.

అరటి పసరు తగిలి అలుగు నల్లబడింది. ఆ నలుపును తోమి పోగొట్టనవసరం లేదు, తుప్పు కాదది. బందరు గాలిలో ఉప్పు ఉంటుంది గనుక ప్రతిసారీ తుడిచి పలుచగా నూనె రాస్తాను. తోలు ఒరలో నిలవ ఉంచను. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, దానిని ఊనిన ఉప్పులు ఉక్కును తింటాయి. నడిచేటప్పుడే ఒర, ఇంట్లో నూనె గుడ్డ.

కత్తి తెచ్చుకున్న రోజున కొలిమి పాక దూలానికి వేలాడుతున్న రేకు ముక్కల కట్ట ఒకటి కంటబడింది. కత్తుల నమూనాలు. ఆచారిగారి తండ్రి కోసి పెట్టుకున్నవట. అడిగితే దింపి ఇచ్చారు. కాగితాల మీద పెట్టి ఒక్కొక్కదాని చుట్టూ పెన్సిలుతో గీసుకున్నాను. ఇది ఏ పనిదో ఆయన చెబుతుంటే కింద రాసుకున్నాను. చెరకుది, గెలది, మట్టది, బొండాంది, ఇలా ఏడు అయ్యాయి. ఎనిమిదవది పొడవుగా, కొసన కొంచెం లోపలికి వంగి, ఆ ఏడింటిలో దేనికీ పోలిక లేకుండా ఉంది. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు.

“దివిసీమ వాళ్ళు చేయించుకునేవాళ్ళు బాబూ, నాన్న ఉండగా. ఏం కొట్టటానికో గుర్తు రావటంలేదు” అన్నారు.