చిన్ని తల... పెద్ద బెంగ

బొచ్చు కుక్కపిల్లను ఇంటికి తెచ్చిన రోజు జబ్బుల గురించి ఎవరూ ఆలోచించరు. ఏం పేరు పెట్టాలి, ఎక్కడ పడుకోబెట్టాలి, పెరుగన్నం పెట్టొచ్చా... ఇవే ప్రశ్నలు. టీకాలూ నులిపురుగుల మందూ వేయించాలని తెలిసినవాళ్లు చెబుతారు. అంతకుమించి, అరచేతిలో ఇమిడే ఆ ప్రాణికి తల లోపల ఏదైనా తేడా రావచ్చన్న ఊహే ఎవరికీ రాదు.

విజయవాడలోని ఆ కుటుంబానికీ రాలేదు. నాన్నది బ్యాంకు ఉద్యోగం. అమ్మ టీచరు. అమ్మాయి ఇంటర్, అబ్బాయి ఎనిమిదో తరగతి. అందరికీ పెద్దదిక్కు నానమ్మ. అబ్బాయి రెండేళ్లు పోరగా పోరగా తొమ్మిది వారాల పామేరియన్ పిల్ల ఇంటికొచ్చింది. కిలో బరువు కూడా లేదు. గుండ్రటి తల, గోళీల్లాంటి కళ్లు. లడ్డూ అని పేరు పెట్టేశారు. ‘కుక్క గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదు’ అన్న నానమ్మే మూడోరోజుకల్లా దానికి పెరుగన్నం కలపడం మొదలెట్టింది.

పదోరోజు పొద్దున్నే గిన్నె దగ్గరకు వస్తూ వస్తూ లడ్డూ పక్కకు ఒరిగిపోయింది. కాళ్లు బిగుసుకున్నాయి. ఆ వెంటనే కొట్టుకోవడం మొదలైంది. నోట్లోంచి నురగ. ఇల్లంతా పరుగులే పరుగులు. నాలుక మింగేస్తుందేమోనని అబ్బాయి దాని నోట్లో వేలు పెట్టాడు. ‘ఇనుము... ఇనుము’ అంటూ నానమ్మ తాళాలగుత్తి తెచ్చింది. మనుషులకైతే గుప్పిట్లో పెడతారు. కుక్కపిల్లకు గుప్పిట ఏదీ? తాళాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది పెద్దావిడ. రెండు నిమిషాలైనా కాకుండానే అంతా సద్దుమణిగింది. చూసినవాళ్లకు మాత్రం అరగంట గడిచినట్టుంది.

అనుమానాల చిట్టా

పశువుల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న కుక్కపిల్ల గురించి కాదు... ‘పళ్లు ఎవరికైనా తగిలాయా?’ అని. అబ్బాయి వేలు చూపించాడు. చిన్న గీత. సబ్బుతో పదిహేను నిమిషాలపాటు ధారగా పడే నీళ్ల కింద కడిగించి, అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్లి ఇంజెక్షన్లు మొదలుపెట్టించమన్నారు. ‘అంటే... రేబిసా?’ అమ్మ గొంతు వణికింది. ‘అవకాశం తక్కువేనమ్మా. కానీ ఆ టీకా వయసింకా రాని పిల్ల ఇలా పడిపోతే ఆ అనుమానాన్ని పక్కన పెట్టం. లక్షణాలు బయటపడ్డాక నయం చేసే మందు లేని జబ్బది. కుక్కకు ఏమవుతుందో చూసి అప్పుడు వేయించుకుందాం అనుకోకూడదు’ అన్నారాయన. మూర్ఛ వచ్చిన కుక్క నాలుక మింగెయ్యదనీ, ఆ సమయంలో నోటి దగ్గరకు చెయ్యే పోనివ్వకూడదనీ చెప్పారు.

తరవాత లడ్డూ రక్తం చుక్క తీసి చూశారు. చక్కెర బాగా పడిపోయింది. పామేరియన్, చివావా, యార్క్‌షైర్ టెరియర్ లాంటి చిన్నజాతి పిల్లల ఒంట్లో చక్కెర నిల్వ చాలా తక్కువ. ఒక్కపూట సరిగా తినకపోయినా తూలుతాయి, వణుకుతాయి, మూర్ఛపోతాయి. అందుకే రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. నీరసించినట్టు కనిపిస్తే చిగుళ్లకు తేనె రాసి డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. ‘ఇంతేనా!’ అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ రాత్రి ఇంట్లో మళ్లీ నవ్వులు వినిపించాయి.

రెండు వారాలకు మళ్లీ పడిపోయింది. ఈసారి కడుపునిండా తిన్న తరవాత. చక్కెర చూస్తే సరిగ్గానే ఉంది.

ఇక అనుమానాల చిట్టా మొదలైంది. డిస్టెంపరా? టీకాలు పూర్తికాని పిల్లల్ని పట్టుకునే వైరస్ అది. జ్వరం, కళ్లలో పుసి, ముక్కు కారడం, దగ్గు... ఆ తరవాత మూర్ఛ. లడ్డూకు అవేమీ లేవు. కాలేయమా? కొన్ని చిన్నజాతి పిల్లలకు పుట్టుకతోనే ఓ రక్తనాళం దారి తప్పి ఉంటుంది. కాలేయంలో శుద్ధి కావాల్సిన రక్తం అటు పోకుండా నేరుగా ఒంట్లో కలిసిపోతుంది. ఆ విషాలు మెదడుకు చేరి, తిన్న తరవాత మత్తుగా తిరుగుతాయి, గోడకు తల ఆనించి నిలబడతాయి, మూర్ఛపోతాయి. తిండికి ముందూ తరవాతా రక్తం తీసి పరీక్ష చేయించారు. అదీ కాదన్నారు.

చివరికి డాక్టరు లడ్డూ నడినెత్తి మీద బొటనవేలు ఆనించారు. మెత్తగా తగిలింది. పక్కనే ఉన్న నానమ్మ తనూ వేలు పెట్టి చూసి ‘మాడు పూడలేదు’ అంది. రెండు తరాల పసిపిల్లల మాడుకు ఆముదం పెట్టిన చెయ్యి మరి! ‘సరిగ్గా చెప్పారు మామ్మగారూ’ అన్నారు డాక్టరు.

మెదడు లోపల చిన్న చిన్న గదులుంటాయి. వాటిలో ఓ ద్రవం ఊరుతూ, బయటకు పోతూ ఉంటుంది. పోయే దారి మూసుకుంటే గదులు ఉబ్బి మెదడును నొక్కేస్తాయి. దాన్నే హైడ్రోసెఫాలస్ అంటారు... తలలో నీరు చేరడం. బుర్ర గుండ్రంగా పెరగడం, నల్లగుడ్లు కిందికీ పక్కలకీ చూస్తున్నట్టుండటం, ఒకేవైపు గుండ్రంగా తిరగడం, నేర్పింది త్వరగా ఒంటబట్టకపోవడం దాని లక్షణాలు. మాడు తెరిచి ఉంది కాబట్టి అక్కణ్నుంచే అల్ట్రాసౌండ్ తీశారు. గదులు కాస్త పెద్దవిగానే కనిపించాయి. కానీ ఆ వెంటనే డాక్టరు ఇంకో మాట చెప్పారు. చిన్నజాతుల్లో ఏ బాధా లేని కుక్కలకు కూడా ఆ గదులు పెద్దగా ఉండొచ్చట. మాడు పూడని కుక్కలు కూడా చాలావరకు హాయిగా బతికేస్తాయట. ‘మరి ఇది అదేనంటారా?’ అని అడిగితే... ‘అయి ఉండొచ్చు’ అన్నారు.

‘అయి ఉండొచ్చు’తో కాపురం

జబ్బు పేరు తెలిస్తే ఏడ్చి అయినా ఊరుకుంటాం. ‘అయి ఉండొచ్చు’ అంటే ఏడవాలో ఊరుకోవాలో తెలియదు. ఎంఆర్‌ఐ తీస్తే ఇంకా వివరంగా తెలుస్తుంది. దానికి మత్తుమందివ్వాలి, పెద్ద నగరానికి తీసుకెళ్లాలి, ఖర్చూ తక్కువేం కాదు. ముందు మందులతో కొన్నాళ్లు చూద్దామన్నారు డాక్టరు.

అమ్మ తమ్ముడు ఫోన్ చేసి ‘అమ్మినవాడు మార్చిస్తానంటున్నాడుగా బావా, ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకోక’ అన్నాడు. తప్పేమీ లేని సలహానే. నాన్న ఆ మాటే ఇంట్లో చెప్పారు. ‘మరి మన లడ్డూని వాడేం చేస్తాడు?’ అనడిగాడు అబ్బాయి. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ విషయం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అమ్మాయి ఓ నోట్‌బుక్కు తీసింది. తేదీ, టైము, ఎన్ని సెకన్లు, అంతకుముందు ఏం చేస్తోంది, ఎప్పుడు తింది, తరవాత ఎంతసేపటికి తేరుకుంది... అన్నీ గళ్లు గీసి రాయసాగింది. నాన్న ఫోన్లో వీడియో తీసేవారు. మొదటి నెలలో ఇంట్లోవాళ్లు ‘వచ్చింది’ అనుకున్నవి ఏడు. వీడియోలు చూసి డాక్టరు వాటిలో నాలుగు కొట్టేశారు. రెండు నిద్రలో కాళ్లాడించడం. మరో రెండు గాలిని గుర్రుమంటూ లోపలికి లాక్కునే తుమ్ములు. చిన్న కుక్కల్లో మామూలే. అసలైనవి మూడే! ఆ రోజు ఇంటికొస్తూ దారిలో అందరూ ఐస్‌క్రీం తిన్నారు.

మూర్ఛ మందు పూటకో పావు మాత్ర. ఉదయం ఏడింటికి, రాత్రి ఏడింటికి. దాంతో దాహం పెరిగింది, ఆకలి పెరిగింది, తుడిచే పనీ పెరిగింది. మొదటి రోజుల్లో మత్తుగా పడి ఉండేది. ఆ అవస్థ చూడలేక నానమ్మ ఓ రెండు పూటలు మాత్ర వెయ్యకుండా పమిట చెంగున ముడేసుకుంది. ఆ రాత్రి లడ్డూకు రెండుసార్లు వచ్చింది. రెండోది అయిదు నిమిషాలైనా ఆగలేదు. తువ్వాల్లో చుట్టి అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తారు. ఇంజెక్షన్ పడ్డాకగానీ తగ్గలేదు. అయిదు నిమిషాలు దాటినా, ఒకేరోజులో రెండోసారి వచ్చినా క్షణం ఆలస్యం చేయకూడదనీ, ఈ మందును ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుందనీ అక్కడ తెలిసింది. నానమ్మ చెంగు ముడి విప్పి రెండు మాత్ర ముక్కలూ బల్లమీద పెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి మాత్రల డబ్బా ఆవిడ చేతికే ఇచ్చింది కోడలు. ఏడింటికి టీవీలో ఏది వస్తున్నా లేచి వెళ్లిపోతుందిప్పుడు.

ఆ రాత్రే ఆసుపత్రి వరండాలో నాన్న ఓ మాట అడిగారు... ‘ఎంతవరకు ఇలా డాక్టరుగారూ?’ దాని అర్థం ఇద్దరికీ తెలుసు. ‘తింటోందా, మిమ్మల్ని గుర్తుపడుతోందా, నొప్పి లేకుండా నిద్రపోతోందా... ఈ మూడూ చూడండి. మంచిరోజుల కంటే చెడ్డరోజులు ఎక్కువైతే అప్పుడు మాట్లాడుకుందాం. ఆ మాట ఇప్పుడే వద్దు. ఎప్పటికీ రాదనీ అనుకోవద్దు’ అన్నారు డాక్టరు. నోట్‌బుక్కులో మంచిరోజుకు టిక్కు పెట్టే గడి అలా చేరింది.

ఇల్లూ మారింది

నున్నటి గచ్చు మీద జారిపడి తలకు దెబ్బ తగలకుండా హాల్లో జంపఖానా పరిచారు. సోఫా ఎక్కించడం మానేశారు. మెడకు బెల్టు తీసేసి, ఛాతీకి తగిలించే పట్టీ కొన్నారు. ఈ జాతుల్లో మెడ ఎముకలు కూడా సుకుమారమే. దీపావళికి లోపలి గదిలో తలుపులన్నీ వేసి అమ్మ దాని పక్కనే కూర్చుంది. బయటికెళ్లి ఒంటికి పోసుకోవడం నేర్పడానికి ఆరునెలలు పట్టింది. షేక్‌హ్యాండ్ ఇప్పించాలనుకున్న అబ్బాయి, అది పిలిస్తే వచ్చిన రోజే అపార్ట్‌మెంటంతా తిరిగి చెప్పొచ్చాడు.

లడ్డూకు ఇప్పుడు పద్నాలుగు నెలలు. మూర్ఛ వచ్చి రెండు నెలలు దాటింది. సంతోషమొస్తే ఇప్పటికీ ఎడమవైపే గుండ్రంగా తిరుగుతుంది. కాలేయం ఎలా ఉందో చూడటానికి అప్పుడప్పుడూ రక్తపరీక్ష, రోజూ మాత్ర తప్పవు. ఆసుపత్రి కార్డు మీద జబ్బు పేరు పక్కన డాక్టరు పెట్టిన ప్రశ్నార్థకం అలాగే ఉంది. దాన్ని చెరిపేయమని ఇంట్లోవాళ్లు అడగడం మానేశారు.

ఇలాంటి బెంగ ఇంకెవరి ఇంట్లోనైనా ఉంటే వాళ్లు గుర్తుంచుకోవాల్సినవి ఎక్కువేమీ లేవు. భయపడినంత మాత్రాన అది ఆ జబ్బే అయిపోదు. చక్కెర పడిపోవడం లాంటి తేలిగ్గా సరిదిద్దగలిగేవే ముందు చూడాలి. గడియారం చూడాలి, వీడియో తియ్యాలి, రాసుకోవాలి. మనుషుల మాత్రలు సొంతంగా వెయ్యకూడదు. దగ్గర్లోని డాక్టరుకు అంతుబట్టకపోతే గన్నవరం, తిరుపతి, హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలలున్నాయి. అన్నీ చేశాక కూడా కొన్ని పిల్లలు దక్కవు. దక్కినన్నాళ్లూ అది పిల్లేగానీ జబ్బు కాదు. జబ్బు పేరు తేలేదాకా ఆగి అప్పుడు ముద్దుచేద్దామంటే, దాని చిన్నతనం ఆగదు కదా!