హబ్సిగూడ అనే పేరు

వరంగల్ బస్సులో ఉప్పల్ దాటి సికింద్రాబాదుకు వెళ్తుంటే, నాచారం దారి కలిసేచోట హబ్సిగూడ వస్తుంది. ప్రియ చదువరులారా, ఆ పేరు సంగతి విన్నారా? హబ్షీ అంటే ఆఫ్రికా దేశస్థుడు. వారి వల్లనే ఆ పేరు వచ్చిందంటారు.

అట్లాంటిక్ సముద్రం మీదుగా సుమారు 1 కోటి 25 లక్షల మంది ఆఫ్రికావారిని బానిసలుగా ఓడలెక్కించారు. వర్తకుల పుస్తకాల్లో చాలామందికి పేరైనా లేదు, లెక్క మాత్రమే ఉంది. హిందూ మహాసముద్రం మీదుగా మన దేశానికి కూడా అనేకులను తెచ్చి అమ్మారు.

విల్బర్‌ఫోర్స్ వంటి విశ్వాసుల ప్రయాసవల్ల బ్రిటన్ 1807లో ఆ వర్తకాన్ని నిషేధించింది, 1833లో తన వలసల్లో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం తెచ్చింది. అయితే ఈ రెండవ చట్టంలో ఈస్టిండియా కంపెనీ ప్రాంతాలను చేర్చలేదు. అక్కడ 1843 దాకా కోర్టులు బానిసత్వాన్ని ఒప్పుకుంటూనే వచ్చాయి.

ఇదే ఉప్పల్ రోడ్డులో సి.సి.ఎం.బి. పరిశోధనశాల ఉన్నది. గుజరాత్, కర్ణాటకలలోని సిద్దీల రక్తాన్ని పరీక్షించి, వారి పితరులు ఆఫ్రికాలోని బంటు జనులని అక్కడి శాస్త్రజ్ఞులు 2011లో తెలిపారు. ఏ పుస్తకంలోనూ వ్రాయని వంశావళి వారి రక్తంలో నిలిచియున్నది.

ఈసారి ఆ దారిన వెళ్తే, మీ పిల్లలకు ఈ సంగతి చెప్పండి. మనిషికి వెల కట్టిన దినాలను వారు మరువకూడదు.