అరవై దాటిన నడుముకు ఏ డ్రైవర్?

గోల్ఫ్ ఆడే నా ఈడు మిత్రులు సాధారణంగా రెండు బాధలు చెప్పుకుంటారు. మొదటిది నడుము నొప్పి. రెండవది, బంతి మునుపటంత దూరం పోవడం లేదన్న బెంగ. ఈ రెండింటికీ సంబంధం లేదని వారి నమ్మకం. అయితే చాలామందిలో రెండింటికీ మూలం ఒక్కటేనని నేను గమనించాను. అది వారి శరీరానికి తగని డ్రైవర్.

ఆట తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. గోల్ఫ్ సంచిలో 14 కర్రల వరకు ఉండవచ్చు. వాటిలో అన్నిటికంటే పొడవైనది, పెద్ద తల గలది డ్రైవర్. దూరపు గుంతలకు మొదటి దెబ్బ సాధారణంగా దీనితోనే కొడతారు. దీనిలో చూడవలసిన గుణాలు మూడు: దూరం, అదుపు, క్షమ. బంతి తల నడిమధ్యన తగలకపోయినా దారి మరీ తప్పకుండా, దూరం మరీ తగ్గకుండా కాపాడే గుణమే క్షమ. ఈ మూడూ ఒకే కర్రలో సంపూర్ణంగా దొరకవు. ఒకటి పెంచితే మరొకటి కొంత తగ్గుతుంది. మందు మోతాదు వలెనే ఇక్కడ కూడా మనిషిని బట్టి నిర్ణయం ఉండాలి.

వయసు పెరిగేకొద్దీ కండరాలు క్షీణిస్తాయి. వాటిలోనూ వేగానికి పనికివచ్చే పోగులు ముందుగా తగ్గుతాయి. కనుక కర్ర విసిరే వేగం తగ్గడం సహజం. నడుములోని ఐదు వెన్నుపూసలు కలిసి పక్కకు తిరగగలిగేది చాలా స్వల్పం. గోల్ఫ్‌లో కనిపించే ఆ పెద్ద మెలిక తుంటి కీళ్ల నుంచి, ఛాతీ వెనుకనున్న వెన్ను నుంచి రావాలి. అవి బిగుసుకుపోయిన వయసులో బలవంతంగా విసిరితే ఆ భారమంతా నడుము మీద పడుతుంది.

గోల్కొండ కోట పక్కనున్న మైదానంలో ఆడే 68 ఏళ్ల మిత్రునికి ఇదే జరిగింది. ఆయన వాడినది 9 డిగ్రీల వాలు, గట్టి కాడ గల డ్రైవర్. ఆ కర్రతో బంతి పైకి లేవక, ప్రతి దెబ్బకూ ఒళ్లంతా ప్రయోగించేవారు. చివరకు నడుము పట్టేసి నాలుగు నెలలు ఆట మానుకున్నారు. ఆటతో పాటు నడక పోయింది, స్నేహితుల సాంగత్యం పోయింది, రక్తంలో చక్కెర పెరిగింది. అన్నిటికంటే నన్ను కలవరపెట్టినది ఆయన ముఖంలో పోయిన ఉత్సాహం.

మరి ఏది ఎంచుకోవాలి? ముందుగా వాలు చూడండి. నెమ్మదిగా విసిరేవారికి వాలు ఎక్కువ ఉండాలి. పదిన్నర నుంచి 12 డిగ్రీల వాలు బంతిని పైకి లేపి, గాలిలో ఎక్కువసేపు నిలుపుతుంది. 12 డిగ్రీలంటే నామోషీగా భావించకండి.

తరువాత పొడవు. నియమావళి 48 అంగుళాల వరకు అనుమతిస్తుంది. పొడవు పెరిగితే వేగం పెరగవచ్చు, కానీ బంతిని తల మధ్యలో తగిలించడం కష్టమవుతుంది. దుకాణంలో సాధారణంగా దొరికేది 45 అంగుళాల పైబడి ఉంటుంది. కొత్తది కొనే ముందు పాతదానినే ఒక అంగుళం కిందికి పట్టుకొని ఆడి చూడండి. ఖర్చు లేని పరీక్ష ఇది.

మూడవది తల. దాని పరిమాణానికి నియమావళి విధించిన హద్దు 460 సి.సి. ఆ పెద్ద తలలో బరువు వెనుకకు, అంచులకు సర్ది ఉంటే క్షమ ఎక్కువ. తాడు మీద నడిచేవాడు పట్టుకునే పొడవాటి గడ అతన్ని ఒరగనివ్వదు కదా, సూత్రం అదే. బంతిని తిరిగి నెట్టే చురుకుకు కూడా నియమావళి హద్దు ఉంది. మంచి డ్రైవర్లన్నీ ఇప్పటికే ఆ హద్దు సమీపానికి చేరాయి. కనుక ప్రతి ఏటా వచ్చే కొత్త మోడల్ అద్భుతమైన దూరం ఇస్తుందన్న ప్రకటనలకు లొంగవద్దు.

చివరగా కాడ, పట్టు. తేలికైన, కొంచెం వంగే కాడ వృద్ధులకు హితం. వేళ్ల కీళ్లు నొప్పెట్టేవారు లావైన, మెత్తని పట్టు వేయించుకోవాలి.

కొనేముందు తల మీద కొంచెం పౌడర్ చల్లి పది బంతులు కొట్టండి. బంతి ఎక్కడ తగిలిందో ఆ మచ్చలే చెబుతాయి. అన్నిటికంటే దూరం పోయిన బంతిని కాక, పదింటిలో ఎన్ని దారిలో పడ్డాయో లెక్కించండి. మర్నాడు ఉదయం మంచం దిగేటప్పుడు నడుము ఎలా ఉందో గమనించండి. దాని అభిప్రాయం తెలియకుండా డబ్బు చెల్లించవద్దు.

ఆటకు ముందు పది నిమిషాలు నడిచి, భుజాలు, తుంటి సడలించండి. నొప్పి కాలిలోకి జారినా, కాలు తిమ్మిరెక్కినా ఆట ఆపి వైద్యుని కలవండి. మూత్రం మీద అదుపు తప్పితే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి.

నా మిత్రుడు వైద్యం, వ్యాయామం తరువాత 12 డిగ్రీల డ్రైవర్‌తో మళ్లీ ఆడుతున్నారు. ఆయన బంతి యువకుల బంతికి చాలా వెనుక పడుతుంది. అయినా వారానికి మూడు రోజులు ఆ పచ్చికలో కిలోమీటర్ల కొద్దీ నడుస్తున్నారు. మన వయసులో డ్రైవర్ ఇవ్వవలసిన దూరం అదే.